ఆ ప్లేటు ఎప్పుడు చదివారు?

మా బాబాయి ఫోన్ చేసేసరికి రాత్రి తొమ్మిది దాటింది. భీమవరం పక్కన మా ఊళ్లో ఆయనకి రెండు రొయ్యల చెరువులున్నాయి. ఒకటి సొంతం, ఒకటి లీజు. సీడ్, అంటే రొయ్య పిల్లల్ని, వేసి 55 రోజులైంది. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది.

"అమ్మా, లీజు చెరువు ప్లేటింగ్ రిపోర్టు వచ్చింది. గ్రీన్ నిండిపోయిందంట. పొద్దున్నే శానిటైజర్ కొట్టెయ్యమన్నారు. ఫొటో పెట్టాను, ఓసారి చూడు."

చూశాను. ప్లేటు మీద నలభై దాకా కాలనీలు, అంటే బాక్టీరియా పెరిగి కట్టిన చుక్కలు, దాదాపు అన్నీ ఆకుపచ్చే.

రొయ్యల సీమతో పరిచయం లేనివాళ్లకు ఇక్కడ కొంచెం వివరం చెప్పాలి. చెరువు నీళ్లలో విబ్రియో జాతి బాక్టీరియా ఎంత ఉందో చూడటానికి టీసీబీఎస్ అనే అగార్ (జెల్లీ లాంటి ఆహారం) పోసిన ప్లేటు మీద నీటి చుక్క పరుస్తారు. ఒక రాత్రి ఇంక్యుబేటర్ అనే పెట్టెలో వెచ్చగా ఉంచితే కాలనీలు మొలుస్తాయి. ఆ అగార్‌లో చక్కెర ఉంటుంది. ఆమ్లం తగిలితే పసుపుకి మారే రంగు కూడా ఉంటుంది. చక్కెరను తినగలిగే విబ్రియోలు ఆమ్లం వదులుతాయి కాబట్టి వాటి కాలనీలు పసుపుగా కనిపిస్తాయి. తినలేనివి ఆకుపచ్చగా ఉండిపోతాయి. చెరువు గట్టు మీద వీటినే ఎల్లో, గ్రీన్ అంటారు. రొయ్యలకు ప్రాణాంతకమైన విబ్రియో పారాహీమోలిటికస్ మామూలుగా గ్రీన్‌గా వస్తుంది. అందుకే గ్రీన్ అన్న మాట వింటే రైతుకి నిద్ర పట్టదు.

అయితే ఆ ప్లేటును 18 నుంచి 24 గంటల మధ్య, ఇంక్యుబేటర్‌లోంచి తీసిన వెంటనే చదవాలి. ఆలస్యమైతే చక్కెర అయిపోయిన బాక్టీరియా ప్రొటీన్ల మీద పడుతుంది, ఆమ్లం పోయి క్షారం వస్తుంది, పసుపు కాలనీ కాస్తా ఆకుపచ్చకి తిరుగుతుంది. ఫ్రిజ్‌లో పెట్టి తీసినా అలా తిరగవచ్చు. తెలుగులో రెండు రంగుల్నీ పచ్చ అనే అంటాం కదా, ఒకటి పసుపుపచ్చ, ఒకటి ఆకుపచ్చ. టీసీబీఎస్ ప్లేటు మీద కూడా ఒక పచ్చ ఇంకో పచ్చ అవుతుంది. ఈ సంగతి నాకు ఎమ్మెస్సీలో ఎవరూ చెప్పలేదు. అది తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

"ఆ ప్లేటు ఎప్పుడు చదివారో అడిగావా బాబాయ్?" అన్నాను. ఆయన దగ్గర నంబరు తీసుకుని ల్యాబ్ అబ్బాయికి నేనే ఫోన్ చేశాను. చాలా మర్యాదగా మాట్లాడాడు. మొన్న సాయంత్రం ఇంక్యుబేటర్‌లో పెట్టారట. నిన్న ఆదివారం, అతనికి సెలవు, అందుకని ఇంకెవరో తీసి ఫ్రిజ్‌లో పెట్టారట. ఇవాళ మధ్యాహ్నం అతను వచ్చి లెక్కపెట్టాడు.

"అలా చేస్తే ఏమైనా తేడా వస్తుందా మేడమ్?" అని అడిగాడు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేశాడట, ఫస్ట్ క్లాస్.

ఒక్క రోజు ఆగి మళ్లీ ప్లేటింగ్ చేయిద్దామని బాబాయికి చెప్పాను. పక్క చెరువుల్లో అప్పటికే రొయ్య చస్తోంది. ఆయన ఆగలేకపోయాడు, ఆయన స్థానంలో నేనున్నా ఆగలేకపోయేదాన్నేమో. తెల్లారి శానిటైజర్ కొట్టారు, నీళ్లలోని క్రిముల్ని చంపే మందు. రెండు రోజులకి నీటి రంగు విరిగిపోయింది, నాచు చచ్చి అడుక్కి చేరింది, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు రాత్రంతా తిప్పినా ఆక్సిజన్ నిలబడలేదు. రొయ్యల్ని చిన్న సైజులోనే పట్టేసుకోవాల్సి వచ్చింది. దానికి కారణం ఆ రిపోర్టేనని నేను అనలేను. ఆ కాలనీలు మొదటి నుంచీ గ్రీనే కావచ్చు కూడా. అసలు సంగతి తెలుసుకునే దారే లేకుండా పోయింది, నా బాధంతా అదే.

ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. ఎందుకంటే నా ఎమ్మెస్సీ కూడా అలాగే గడిచింది.

చివరి సెమిస్టర్‌లో ప్రాజెక్టు కోసం మా బ్యాచ్‌లో సగం మందిమి హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ల్యాబ్‌కి ఫీజు కట్టి వెళ్లాం. 45 రోజులు. వేర్వేరు కాలేజీల నుంచి వచ్చిన పన్నెండు మందిని ఒక బల్ల చుట్టూ నిలబెట్టి, ఒకావిడ చేసి చూపించేది, మేం రాసుకునేవాళ్లం. నా థీసిస్ మట్టి నుంచి ఎంజైము తయారుచేసే బాక్టీరియాను వేరుచేయడం గురించి. ఆ మట్టిని ఎక్కడి నుంచి తెచ్చారో నాకు తెలీదు. నేను వెళ్లేసరికే అది సీసాలో ఉంది. వైవాలో ఎగ్జామినర్ గారు గ్రామ్ స్టెయిన్ సూత్రం అడిగారు, పీసీఆర్ దశలు అడిగారు. మట్టి ఎక్కడిదమ్మా అని మాత్రం అడగలేదు. అడిగి ఉంటే నా చదువు అక్కడే బయటపడేది.

ఇప్పుడు నేను ఒక విశ్వవిద్యాలయంలో అదే సబ్జెక్టు చెబుతున్నాను. పర్యావరణ సూక్ష్మజీవశాస్త్రంలో విద్యార్థికి ఇవ్వాల్సిన మొదటి శిక్షణ నమూనా తేవడంలో అని నమ్ముతున్నాను. తన నీళ్లు తాను తెచ్చుకోని విద్యార్థికి మిషన్ల మీద ఎంత తర్ఫీదు ఇచ్చినా అది పరిశోధన అవదు. యంత్రం ఇచ్చిన జవాబును ఆ విద్యార్థి నమ్మడమో మానడమో తప్ప అనుమానించలేదు. అనుమానించాలంటే ఆ నీరు సీసాలోకి ఎలా వచ్చిందో తెలియాలి కదా.

ఒక ఎకరం చెరువులో నాలుగడుగుల లోతు నీళ్లున్నాయనుకోండి. సుమారు 49 లక్షల లీటర్లు. మనం ప్లేటు మీద పరిచేది 0.1 మిల్లీలీటరు. ఆ చుక్క ఆ చెరువు మొత్తానికి సాక్ష్యం చెప్పాలి. గట్టు పక్కన ముంచిన నీరు వేరు, ఏరేటరు దగ్గర నీరు వేరు, అడుగు బురదకు దగ్గరగా ఉన్న నీరు వేరు. మేత వేశాక తీసింది వేరు, వేయక ముందు తీసింది వేరు. తెల్లారుజామున ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది, మధ్యాహ్నం నాచు దాన్ని నింపేస్తుంది. ఇవన్నీ మా పిల్లలకి సిలబస్‌లో ఉన్నాయి, పరీక్షలో రాస్తారు కూడా. కానీ చీకట్లో గట్టు మీద నిలబడి, చేతిలో సీసాతో, ఎక్కడ ముంచాలో తనే తేల్చుకోవాల్సి వచ్చినప్పుడు ఆ పాఠం మొదటిసారి తలకెక్కుతుంది.

మా విద్యార్థిని ఒకమ్మాయి రెండేళ్ల కిందట తన మొదటి నమూనాలు తెచ్చి ప్లేటింగ్ చేసింది. మూడు చోట్ల నీరు, ఒక్కోదానికి రెండేసి ప్లేట్లు. మర్నాడు చూస్తే ఒక్క కాలనీ లేదు. "మేడమ్, చెరువు చాలా బాగుంది!" అని పరుగున వచ్చింది. ఆ రైతుకి ఫోన్ చేసి చెప్పడానికి కూడా సిద్ధమైపోయింది. కూర్చోబెట్టి, మొదటి నుంచి ఏమేం చేశావో చదవమన్నాను. నోట్‌బుక్ చదువుతూ చదువుతూ ఒక చోట ఆగిపోయింది. నీటిని పలచన చేయడానికి డిస్టిల్డ్ వాటర్ వాడింది. ఉప్పు నీటి విబ్రియోలు ఉప్పులేని నీళ్లలో పడితే పగిలి చస్తాయి. మరుసటి వారం ఉప్పు కలిపిన నీటితో మళ్లీ చేసింది. అదే చెరువు, అదే చోటు. ఈసారి ప్లేట్ల మీద లెక్కపెట్టలేనన్ని వచ్చాయి.

ఆ అమ్మాయి ఇప్పుడు ఏ రిపోర్టులో సున్నా కనిపించినా దేంతో డైల్యూట్ చేశారని అడుగుతుంది. ఆ ప్రశ్న ఆ అమ్మాయికి ఏ పుస్తకం ఇవ్వగలదు? ఆ సున్నాని నోట్‌బుక్‌లో కొట్టేయనివ్వలేదు. థీసిస్‌లో కూడా పెట్టించాను. ఫలితం రాని ప్రయోగాన్ని థీసిస్‌లో చూపిస్తే మార్కులు పోతాయని పిల్లలు వణుకుతారు. ఆ భయం వాళ్లకి మేమే నేర్పాం. దాన్ని మాన్పించాల్సింది కూడా మేమే.

విబ్రియో గురించి ప్రపంచానికి తెలిసిన పెద్ద సంగతులు కూడా ఇలా నీళ్లలో దిగినవాళ్ల దగ్గర్నుంచే వచ్చాయి. అమెరికాలో మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన రీటా కోల్వెల్, ఆమె సహచరులు చెసపీక్ అఖాతం నీటిలో కలరా బాక్టీరియా ఉందని 1977లో ప్రకటించారు. కలరా అంటే మనిషి నుంచి మనిషికి పాకే రోగం అనుకునే కాలమది. ఆ బాక్టీరియా సొంతిల్లు ఉప్పు కలిసిన నీరే అని వాళ్లన్నారు. 1982లో ఇంకో అడుగు వేశారు. చలి లాంటి కష్టం వచ్చినప్పుడు ఈ బాక్టీరియా చావదు, ప్లేటు మీద మొలవడం మాత్రం మానేస్తుంది అన్నారు. ప్లేటు ఖాళీగా ఉన్నంత మాత్రాన నీళ్లలో ఏమీ లేదనడానికి వీల్లేదన్నమాట. నీటిలో తేలే సన్నటి జీవులను అంటిపెట్టుకుని విబ్రియో ఉంటుందని కూడా వాళ్లు చూశారు. అలాంటప్పుడు ఆ జీవుల్ని వడకడితే చాలదా అన్న ఆలోచన వచ్చింది. బంగ్లాదేశ్‌లో 65 పల్లెల్లో ఆడవాళ్లకు పాత చీరను మడతలు వేసి దాంతో తాగునీరు వడకట్టడం నేర్పారు. కలరా కేసులు దాదాపు సగానికి తగ్గాయని 2003లో ప్రచురించారు. కొత్త చీర కంటే ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత కాటన్ చీరే బాగా పనిచేస్తుంది. నేత సందులు చిన్నవైపోయి ఉంటాయి కాబట్టి. క్లాసులో ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఆడపిల్లల మొహాలు వెలుగుతాయి. అమ్మమ్మ బిందె మూతికి కట్టిన గుడ్డ వాళ్లకి గుర్తొస్తుంది.

మన దగ్గర సంగతి తలచుకుంటే మనసు కష్టపడుతుంది. పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో లోకమంతా చదివింది. కొన్ని బాక్టీరియాలను చంపే మోతాదుకు అది వెయ్యి రెట్లకు పైనే. ఆ సంఖ్య స్వీడన్ పరిశోధకుల బృందం ప్రచురించిన పేపర్లోది. ఆ కాలవకు సిటీ బస్సు దూరంలో ఎన్ని మైక్రోబయాలజీ డిపార్ట్‌మెంట్లు ఉన్నాయో హైదరాబాద్‌లో చదివినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఏటా వందల థీసిస్‌లు బైండింగ్ అవుతాయి. వాటిలో ఎక్కువ భాగం ఎక్కడి మట్టో తెలియని మట్టి మీద, ఎక్కడి నీరో తెలియని నీటి మీద.

ఇలా మాట్లాడితే నా తోటి ఉపాధ్యాయులు అనే మొదటి మాట ఉద్యోగాల గురించి. "మన పిల్లలకి ఫార్మా కంపెనీల్లో క్యూసీ, అంటే నాణ్యత పరీక్షించే ఉద్యోగాలు కావాలి మేడమ్, చెరువుల చుట్టూ తిరిగితే ఏమొస్తుంది?" అంటారు. వాళ్ల ఆందోళన నాకు అర్థమవుతుంది. అప్పు చేసి చదివించే ఇళ్ల నుంచి వచ్చే పిల్లలు వీళ్లు. కానీ ఫార్మా కంపెనీలో కొత్తగా చేరిన మైక్రోబయాలజిస్టు ముందుగా చేసే పనుల్లో ఒకటి ఎన్విరాన్‌మెంటల్ మానిటరింగే. క్లీన్‌రూమ్‌లో ప్లేట్లు తెరిచి పెట్టడం, ఏ చోట, ఎన్ని గంటలకు పెట్టారో, ఎప్పుడు మూశారో, ఎప్పుడు చదివారో రాయడం. ఒక ప్లేటును నాలుగు గంటలకు మించి తెరిచి ఉంచకూడదు. రాయని పని చేయని పని కిందే లెక్క అని అక్కడ మొదటి రోజే చెబుతారు. చెరువు గట్టు మీద టైమ్ రాయడం అలవాటైన పిల్లకి ఆ మాట కొత్తగా ఉండదు. పైగా పశ్చిమ గోదావరి, కృష్ణా, నెల్లూరు జిల్లాల్లో ఆక్వా ల్యాబులే బోలెడు. దేశంలో రొయ్యల ఉత్పత్తిలో ముందున్న రాష్ట్రం మనది. నైట్రోఫ్యూరాన్ల లాంటి నిషేధిత మందుల ఆనవాళ్లు దొరికితే విదేశాల నుంచి కంటైనర్లు వెనక్కి వస్తాయి. గ్రీన్ అన్న ఒక్క మాటకి భయపడి రైతు చెరువులో ఏం కలుపుతాడన్నది ఊరి సమస్యగా ఆగిపోదు.

అసలు ఆ రంగుతోనే రోగం తేలదని కూడా చెప్పాలి. రొయ్య పిల్లల్ని తొలి నెలలోనే చంపే ఈఎంఎస్ రోగానికి కారణం విషాన్ని తయారుచేసే జన్యువులున్న ఒక ప్లాస్మిడ్, అంటే బాక్టీరియాలో విడిగా ఉండే చిన్న డీఎన్‌ఏ ముక్క. పారాహీమోలిటికస్‌లో ఒక రకమే కారకమని అరిజోనా విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ లైట్నర్ బృందం 2013లో తేల్చింది, ఆ రకం మోసే ఈ ప్లాస్మిడ్ సంగతి తర్వాత బయటపడింది. ఆ ప్లాస్మిడ్ లేని పారాహీమోలిటికస్ కూడా గ్రీన్‌గానే వస్తుంది. ఆ జన్యువులే తర్వాత వేరే విబ్రియోల్లోనూ దొరికాయి. ఇక ఇప్పుడు రైతుల్ని ఏడిపిస్తున్న ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి అసలు బాక్టీరియానే కాదు, ఏ ప్లేటు మీదా మొలవదు, దాని డీఎన్‌ఏను వెతికే పీసీఆర్ పరీక్ష చేయాల్సిందే. ల్యాబ్ బల్ల దగ్గర కూర్చున్న ఎమ్మెస్సీ ఇవన్నీ రైతుకి వివరంగా చెప్పగలగాలి. "గ్రీన్ వచ్చింది, కానీ దీన్నిబట్టి మీ చెరువులో రోగం ఉందని చెప్పలేను, ఇంకో పరీక్ష చేద్దాం" అనగలగాలి. ఆ మాట అనడానికి చదువుతో పాటు ధైర్యం కావాలి. తన పొరపాట్లు తాను పట్టుకున్న అనుభవం ఉన్నవాళ్లకే ఆ ధైర్యం వస్తుంది.

రెండో అభ్యంతరం డబ్బు. దీనికి నా జవాబు చిన్నది. టీసీబీఎస్‌ను ఆటోక్లేవ్‌లో, అంటే ఒత్తిడి మీద ఆవిరితో క్రిముల్ని చంపే యంత్రంలో, పెట్టక్కర్లేదు, పెట్టకూడదు కూడా, మరిగిస్తే చాలు. స్టెరైల్ సీసాలు, థర్మోమీటరు, ఐస్ బాక్సు, ఉప్పు. పని అయ్యాక ప్లేట్లను చంపడానికి మాత్రం 121 డిగ్రీల ఆటోక్లేవ్ తప్పనిసరి, అది ప్రతి డిపార్ట్‌మెంటులోనూ ఉంటుంది. మొదటి సెమిస్టర్ పిల్లలకైతే అంత కూడా అక్కర్లేదు. చెరువు అడుగు నల్లమట్టి, కోడిగుడ్డు సొన, చింపిన న్యూస్‌పేపరు కలిపి గాజు జాడీలో నింపి, పైన చెరువు నీళ్లు పోసి కిటికీ పక్కన పెట్టమంటాను. రష్యన్ సూక్ష్మజీవ శాస్త్రవేత్త వినోగ్రాడ్‌స్కీ 1880లలో చూపిన దారి ఇది. వారాలు గడిచేకొద్దీ జాడీలో నలుపు, ఆకుపచ్చ, ఊదా పొరలు దిగుతాయి. సల్ఫేటును సల్ఫైడుగా మార్చేవి కింద, ఆ సల్ఫైడును వెలుతురులో వాడుకునేవి వాటి పైన. చెరువు అడుగున కుళ్లిన గుడ్డు వాసన ఎందుకొస్తుందో రైతు బిడ్డలకి ఆ జాడీ చూపిస్తే చాలు. పేరు బట్టీపట్టి రెండు మార్కులు తెచ్చుకునే వినోగ్రాడ్‌స్కీ వేరు, మూడు నెలలు రోజూ పలకరించే జాడీ వేరు.

మూడోది భద్రత. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. చేతికి గాయం ఉన్న పిల్లల్ని నీళ్లలో చెయ్యి పెట్టనివ్వను, ఎందుకంటే విబ్రియోల్లో గాయం గుండా ఒంట్లోకి వెళ్లి ప్రాణం తీసేవి కూడా ఉన్నాయి. గ్లవ్స్ వేసుకోందే సీసా ముట్టకూడదు. ఆడపిల్లలు చీకట్లో ఒంటరిగా వెళ్లకూడదు. ఇద్దరిద్దరు వెళ్తారు, ఆ ఊళ్లో ఎవరో ఒకరి ఇంటి పెద్ద తోడుంటారు. చాలాసార్లు ఆ చెరువు మా విద్యార్థి నాన్నదో మావయ్యదో అయి ఉంటుంది. అది మా ప్రాంతానికున్న భాగ్యం.

నేను జవాబు చెప్పలేని అభ్యంతరం ఒకటుంది, ఉపాధ్యాయులు లేకపోవడం. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉంటున్నాయి. గెస్ట్ ఫ్యాకల్టీగా పనిచేస్తూ, జీతం ఎప్పుడొస్తుందో తెలియని మనిషిని తెల్లారుజామున నాలుగింటికి చెరువు దగ్గరికి రమ్మనడం నాకు న్యాయంగా అనిపించదు. ప్రాజెక్టులు ప్రైవేటు ల్యాబులకు వెళ్లిపోవడానికి అసలు కారణం ఇదే. ముప్ఫై మంది పిల్లలకు ఇద్దరు గైడ్లుంటే ఎవరైనా ఏం చేస్తారు? ఆ ఖాళీలు నింపకుండా పరిశోధన నాణ్యత గురించి సర్క్యులర్లు పంపితే ఏమీ మారదు.

అయినా ఆగలేం కాబట్టి మా డిపార్ట్‌మెంటులో కొన్ని మార్చుకున్నాం. ప్రాజెక్టు నాలుగో సెమిస్టర్‌లో నాలుగు నెలల హడావిడిగా కాకుండా మొదటి సెమిస్టర్‌లోనే మొదలవుతుంది. ప్రతి విద్యార్థికీ ఒక చోటు, ఒక ప్రశ్న. చెరువు కావచ్చు, హాస్టల్ నీళ్ల ట్యాంకు కావచ్చు, ఊరి డ్రెయిన్ కావచ్చు. ఏడాదిన్నర అదే చోటుకి వెళ్తూ ఉండాలి. ఎండాకాలం, వానాకాలం రెండూ చూడాలి. వైవాలో థీసిస్ కంటే ముందు నోట్‌బుక్ తెరుస్తాం. చివర్లో ఇంకో పని ఉంటుంది, పిల్లలు అన్నిటికంటే కష్టమనేది అదే. చేసిన పనంతా ఒక పేజీలో, తెలుగులో రాసి ఆ చెరువు రైతుకి ఇచ్చి, ఎదురుగా కూర్చుని చదివి వినిపించాలి. ఆయన అడిగిన ప్రశ్నలు కూడా రాసుకురావాలి. పోయినేడు ఒక రైతు "మీరు తీసిన చోట కాదమ్మా, చెక్ ట్రే దగ్గర తీయాల్సింది" అన్నాడట. రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూడటానికి నీళ్లలో దించే పళ్లెం అది. ఆ మాటతో తర్వాతి బ్యాచ్ ప్రాజెక్టు మొదలైంది.

ఆ ఆక్వా ల్యాబ్ అబ్బాయి ఇప్పుడు నాకు అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు. రిపోర్టు ఫారం మీద రెండు గడులు కొత్తగా చేర్చాడట, ప్లేటు పెట్టిన టైమ్, చదివిన టైమ్. ఆదివారం ఎవరు చదవాలన్నది మాత్రం ఇంకా తేలలేదు.

మొన్న బుధవారం పొద్దున్న 5 గంటల 40 నిమిషాలకి నా ఫోన్ మోగింది. మొదటి ఏడాది అమ్మాయి. సీసాలు ఐస్‌కి నేరుగా తగలకుండా మధ్యలో తువ్వాలు వేసుకోమని చెప్పి పంపాను, విబ్రియోలకి చలి పడదు కాబట్టి.

"మేడమ్, తువ్వాలు మర్చిపోయాను. సీసాలు ఐస్ మీదే పెట్టేశాను. ఇప్పుడే గుర్తొచ్చి చున్నీ చుట్టాను. ఇది కూడా రాయాలా?"

"రాయి. ఎంతసేపు తగిలాయో కూడా రాయి."

కాసేపు మాట రాలేదు. గట్టు మీద ఏరేటర్ల చప్పుడు వినిపిస్తోంది.

"పన్నెండు నిమిషాలు మేడమ్. రాశాను."